జంటపాటలో ఒంటి గొంతు

“రెండు గొంతులూ నువ్వే పాడుకున్నావు కదా, శనివారం అమ్మ శవపేటికకి రెండు పక్కలా నువ్వే నిలబడు” అంది ఒడ్నీ, మూకుడులోంచి కళ్ళెత్తకుండా.

యోరున్ చేతిలో పిండిముక్క అలాగే ఉండిపోయింది. క్లైనా చెయ్యాలంటే ముక్కకి నడుమ గాటు పెట్టి, ఒక కొసని అందులోంచి దూర్చి మెలి తిప్పాలి. అంత్యక్రియలయ్యాక ఇచ్చే చావు కాఫీకి రెండు వందల మందైనా వస్తారు. మనిషికి రెండైనా పెట్టకపోతే ఊరు ఏడాది పాటు చెప్పుకుంటుంది. అందుకని పొద్దుట్నుంచి అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడి, ఒకరు మెలి తిప్పుతూ, ఒకరు వేయిస్తూ, మొహాలు చూసుకోకుండా పని చేస్తున్నారు.

“అక్కా, నేనడిగింది ఒక్క పాట.”

“నేను కాదన్నదీ ఒక్క పాటే. మిగతావి నీ ఇష్టం. జర్మన్ పాట పాడుకో, ఇటాలియన్ పాట పాడుకో. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాదు గానీ, ఇప్పుడు లేచి కాదంటుందా?”

“మనిద్దరం కలిసి పాడితేనే అమ్మకిష్టం.”

“ఆవిణ్ణి మధ్యలోకి లాగకు. పోయి తొమ్మిది రోజులైంది. కాస్త ప్రశాంతంగా ఉండనీ.”

ఐస్లాండ్ ఉత్తరపు కొసన ఉన్న మా సిగ్లుఫ్యోర్దుర్‌లో ఆడవాళ్ళు పోట్లాడుకుంటే గొంతులు పెంచరు, పొయ్యి పెంచుతారు. ఒడ్నీ పొయ్యి మీట ఇంకో గీత తిప్పింది. నూనె చిటపటలాడింది. కిటికీ అవతల మంచు పడుతూ ఓడరేవుని సగం కప్పేసింది.

యోరున్‌కి నలభై ఎనిమిదేళ్ళు. ఇరవై రెండేళ్ళు జర్మనీ ఒపెరాల్లో పాడింది. ఆమెది ఆడగొంతుల్లో కాస్త దిగువ గొంతు. అలాంటి గొంతుకి అక్కడ మగపిల్లల వేషాలూ, దాసీలూ, మంత్రగత్తెలూ దొరుకుతాయి గానీ కథానాయికలు దొరకరు. నలభై దాటాక మగపిల్లల వేషాలు పోయి మంత్రగత్తెలే మిగిలారు. అప్పుడు గుర్తొచ్చాయి ఆమెకి అమ్మ పాటలు. మా జానపదాలతో ఒక సీడీ చేసింది. ఇరవై రెండేళ్ళ ఒపెరా తేలేని పేరు ఆ సీడీ ఒక్క శీతాకాలంలో తెచ్చింది. చిక్కంతా అందులోని నాలుగో పాటతో వచ్చింది.

అది జంటపాట. ఒకరు రాగం పట్టుకుని తిన్నగా నడుస్తారు. రెండోవారు కింద మొదలుపెట్టి, నడుమ మొదటి గొంతుని దాటి పైకెక్కుతారు, చివర్లో మళ్ళీ వచ్చి కలుస్తారు. వాళ్ళమ్మ స్వన్‌బోర్గ్ ఇంట్లో రాగం పట్టేది చిన్నది యోరున్. దాటేది పెద్దది ఒడ్నీ. చేపల బుట్టల మీద కూర్చుని పాడిన రోజుల్నుంచీ అంతే. ఈ పాట ఒక్కరు పాడరు. ఒక్కరు పాడాలని మా వైపు ఎవరికీ తోచదు కూడా.

“నువ్వు పిలిస్తేనే కదా నేనొచ్చింది?” అంది ఒడ్నీ, జల్లిగరిటెతో క్లైనాలు తీస్తూ. “నేనడిగానా? ‘అక్కా, నువ్వు లేకపోతే ఆ పాటే లేదు’ అన్నావు. సెలవు పెట్టుకుని రెయిక్యావిక్ స్టూడియోకి వచ్చాను. రెండు రోజులు చెవులకి డిప్పలు తగిలించుకుని పాడాను. తిరిగొచ్చి ఊరంతా చెప్పుకున్నాను.”

“తెలుసు.”

“తెలీదు. నువ్వు ఫ్యాక్టరీలో రొయ్యల బల్ల దగ్గర నిలబడలేదు కదా. పధ్నాలుగు మందిమి. రేడియోలో మా పాటొస్తోందని ఫోర్‌మన్‌ని బతిమాలి యంత్రం ఆపించాను. అందరూ గ్లవ్సులు తీసి విన్నారు. రెండు పాదాలు కాకముందే అది నేను కాదని తెలిసిపోయింది నాకు. నా గొంతు నాకు తెలీదా? పైకెక్కే చోటు రాగానే దీసా నా వీపు మీద చరిచి, ‘భలే ఎక్కావే!’ అంది. నేనేమన్నానో తెలుసా? ‘థాంక్స్’ అన్నాను.”

యోరున్ కుర్చీలో కూలబడింది.

“వారం తరవాత ఆ దీసాయే సీడీ కొనుక్కుని, అట్ట వెనకాల చిన్న అక్షరాలు చదివింది. రెండు గొంతులూ యోరున్ అని. నా దగ్గరికొచ్చి ఏమీ అనలేదు. నా చేతిలో కాఫీ పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బావుండేది.”

“మన గొంతులు అతకలేదన్నారు స్టూడియోవాళ్ళు. ఒకటి నున్నగా ఉంది, ఒకటి గరుగ్గా ఉందన్నారు. నేను కాదనాల్సింది.”

“ఎందుకనలేదు మరి? ఫోను చేస్తే నోటి ముత్యాలు రాలిపోతాయా?”

జర్మనీలో విమర్శకులకి, దర్శకులకి, మాజీ భర్తకి ఏం చెప్పాలో ఆమెకి ఎప్పుడూ తెలుసు. ఈ వంటింట్లో మాత్రం నిజం తప్ప ఇంకేదీ నోటికి రాలేదు.

“ఎందుకంటే బావుందక్కా. రెండోదీ నేనే పాడి వింటే, బావుందనిపించింది.”

ఒడ్నీ మొదటిసారి చెల్లెలి మొహంలోకి చూసింది. నూనెలో క్లైనాలు మాడుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కదలలేదు.

అప్పుడే వెనక తలుపు తీసుకుని ఒడ్నీ మొగుడు హ్యాల్మర్ వచ్చాడు. మంచు తోసే బండి నడుపుతాడాయన. బూట్లు విడిచి, మేజోళ్ళతో నేరుగా పళ్ళెం దగ్గరికి నడిచి చెయ్యి పెట్టాడు. ఇద్దరూ ఒకేసారి ఆ చేతి మీద కొట్టారు.

“హమ్మయ్య, ఒక్క విషయంలోనైనా కలిశారు” అన్నాడాయన. “మాడినవి నాకు పెట్టండి. పాస్టరు గారొస్తున్నారు, ఆయనకి మంచివి పెట్టండి.”

*

పాస్టరు పేరు ఇల్లూగి. మూడో కప్పు కాఫీ అయ్యాకే జేబులోంచి కాగితం తీశాడు. మా పాస్టర్లందరికీ ఉన్న అలవాటే అది.

“మీ అమ్మగారు వృద్ధాశ్రమంలో ఉండగా నా చేతికిచ్చారు. ‘ఇప్పుడు చదవొద్దు, నేను పోయాక చదువు’ అన్నారు.” కళ్ళజోడు సర్దుకుని చదివాడు. “‘నన్ను పొగడొద్దు. ఓర్పు గల మనిషి అని ఎవరైనా అంటే పెట్టెలోంచి లేస్తాను. కాఫీ చిక్కగా ఉండాలి. నా నీలం స్వెటర్ దీసాకి ఇవ్వండి, దాని కన్ను ఎప్పట్నుంచో దాని మీదే ఉంది.’”

హ్యాల్మర్ పకపకా నవ్వాడు. యోరున్ కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

“‘చివర్లో, నన్ను మొయ్యబోయే ముందు, నా పిల్లల సీడీ పెట్టండి. నాలుగో పాట. ఇద్దరి గొంతులూ కలిపి వింటూ వెళ్తాను.’”

పాస్టరు కాగితం మడిచాడు. ఆయన ఈ ఊరికి వచ్చి మూడేళ్ళే అయింది. రొయ్యల బల్ల సంగతులు ఆయన దాకా పోవు.

“నేనూ ఎన్నిసార్లు విన్నానో!” అన్నాడు ఆప్యాయంగా. “ఒడ్నీ, ఆ నడుమ నీ గొంతు చెల్లెల్ని దాటి పైకెక్కుతుంది చూడు, అక్కడ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.”

ఫ్రిజ్ మోత పెద్దగా వినిపించింది. హ్యాల్మర్ తన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

“కాఫీ ఇంకాస్త పొయ్యనా, పాస్టరు గారూ?” అంది ఒడ్నీ.

“పాస్టరు గారూ, ఆ పాటలో...” అని యోరున్ మొదలెట్టింది.

“ఆ పాట ఆర్గన్ వాయించే ఎగిల్‌కి చెప్తే చాలు” అని ఒడ్నీ అడ్డుకుంది. “ఆర్గన్ పక్కనే మిషనుంది, వాడు పెడతాడు. నాలుగోదని కాగితం మీద రాసివ్వండి, లేకపోతే మూడోది పెట్టి కూర్చుంటాడు.”

ఆయన వెళ్ళిపోయాక హ్యాల్మర్ కూడా పని గుర్తొచ్చిందని బయటపడ్డాడు. పని లేకపోయినా అప్పుడు ఆ ఇంట్లోంచి ఎవరైనా బయటపడతారు.

“అమ్మకి తెలీదా?” అంది యోరున్.

“తెలీదు.”

“నువ్వు చెప్పలేదా? ఏడాదిన్నర నుంచి?”

ఒడ్నీ పాస్టరు కప్పు కడుగుతోంది. కడిగిందే మళ్ళీ కడుగుతోంది.

“రోజూ సాయంత్రం పని నుంచి తిన్నగా అమ్మ దగ్గరికెళ్ళేదాన్ని. వెళ్ళగానే ఆ సీడీ పెట్టించుకునేది. నర్సుల్ని పిలిచి మరీ వినిపించేది. ఆ పైకెక్కే చోటు వచ్చేసరికి నా చెయ్యి పట్టుకునేది. ‘అదిగో, ఎక్కావు’ అనేది. రోజూ. నాతో చదరంగం ఆడింది మర్చిపోయేది, మా ఆయన పేరు మర్చిపోయేది, ఆ చోటు మాత్రం మర్చిపోలేదు. ఏం చెప్పమంటావు నన్ను? అది నేను కాదమ్మా, అదీ నీ చిన్నకూతురే అనా?”

యోరున్‌కి ఏడుపు ఆగలేదు. అక్క భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. ఒడ్నీ పక్కకి జరిగింది.

“పాస్టరుకి నేను నిజం చెప్పేస్తాను. సీడీ వద్దు, మనమే పాడదాం.”

“చెప్పవు. అమ్మ మాట. అమ్మ రాసిందే జరుగుతుంది.” ఒడ్నీ కప్పు బోర్లించింది. “నేను ఆ రొయ్యల బల్ల దగ్గర నిలబడి విన్నాను. అమ్మ మంచం పక్కన కూర్చుని రోజూ విన్నాను. శనివారం నువ్వు నా పక్కన కూర్చుని వింటావు. ఒక్కసారి. అంతే.”

కుండబద్దలు కొట్టినట్టు చెప్పి, మళ్ళీ మూకుడు దగ్గరికి వెళ్ళిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేసిన మనిషికి అంతకంటే తక్కువ శిక్ష ఎవరు వేస్తారు? యోరున్ పిండి అందుకుంది.

*

శుక్రవారం పొద్దున్న చర్చి హాలుకి కప్పులు చేర్చాలి. హ్యాల్మర్ మంచు బండిలోనే ఎక్కించాడు. యోరున్ కప్పుల పెట్టెలు రెండు ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన కూర్చుంది. రాత్రి పడిన మంచు ఇంటి కిటికీల ఎత్తుకి ఉంది. హ్యాల్మర్ దాన్ని మెల్లగా తోసుకుంటూ పోతున్నాడు.

“బావా, అక్క ఇప్పుడు అసలు పాడుతుందా?”

“లేదు.”

“చర్చి బృందంలో?”

“మానేసింది. గొంతు బాలేదని చెప్పింది వాళ్ళకి.”

బండి మలుపు తిరిగింది. ఆయన మామూలుగా రెండు మాటలకి మించి మాట్లాడడు. కానీ ఆ రోజు ఎందుకో ఆగలేదు.

“నువ్వు రికార్డుకి పిలిచావు కదా, ఆ ముందు ఆరు వారాలూ ప్రాక్టీసు చేసింది. ఇంట్లో పాడితే నేను వింటానని సిగ్గు. కారేసుకుని ఊరి బయట కొండలోంచి పోయే రోడ్డు సొరంగంలోకి పోయేది. అక్కడ పక్కకి ఆపుకునే జాగా ఉంటుంది చూడు, అందులో ఆపి, అద్దం దించి పాడేది. రెండుసార్లు పోలీసులు ఆగి కారు చెడిందా అని అడిగారట. అదీ నాకు పోలీసే చెప్పాడు, మీ అక్క చెప్పలేదు.”

యోరున్ ఒళ్ళో కప్పులు గలగలమన్నాయి.

“నన్ను తిట్టు బావా.”

“నేనెందుకు తిడతాను? మీ ఇద్దరి మధ్యకి వస్తే బండి కింద పడ్డట్టే.” చర్చి ముందు బండి ఆపి, కప్పుల పెట్టె అందుకున్నాడు. “కానీ ఒకటి చెప్తా. అది నీ మీద కోపంతో పాట మానలేదు. పాడటం తనకి రాదని నమ్మేసింది. నీ అంత చదువుకున్నదే తీసి పారేసిందంటే, ఇంక రానట్టే కదా అంది ఒకసారి.”

హాల్లో బల్లలు పరుస్తూ యోరున్ ఆ మాటే ఆలోచించింది. ఒపెరాలో ఒక్కటే నేర్పారు ఆమెకి: నీ గొంతు నువ్వొక్కదానివే మోసుకుంటూ ఆఖరి వరస దాకా తీసుకెళ్ళాలి. నలభై వాద్యాలు అడ్డొచ్చినా దాటాలి. ఆ విద్య కోసం ఆమె ఇల్లూ, సంసారమూ, పిల్లల్ని కనే వయసూ ఇచ్చింది. పక్కగొంతు మీద ఆనుకుని పాడటం అంతకుముందే, ఏ బడీ లేకుండా వచ్చిన విద్య. దాన్ని ఎప్పుడు పోగొట్టుకుందో ఆమెకి తెలీలేదు. స్టూడియోలో తన గొంతు మీద తన గొంతే పేర్చి విన్నప్పుడు, ఏదో తక్కువైందని కూడా అనిపించలేదు. ఆమెకి భయం వేసింది.

*

శనివారం రెండు గంటలకి చర్చి నిండిపోయింది. రొయ్యల బల్ల పధ్నాలుగు మందిలో పదముగ్గురు ఒకే వరసలో కూర్చున్నారు. పధ్నాలుగో మనిషి ముందు వరసలో, నల్లకోటులో, చెల్లెలి పక్కన కూర్చుంది.

పాస్టరు స్వన్‌బోర్గ్‌ని పొగడలేదు. ఓర్పు మాట ఎత్తలేదు. జనం రెండుసార్లు నవ్వారు. ఆవిడ బతికుంటే ఎంత మెచ్చుకునేదో.

“చివరగా, అమ్మగారి కోరిక మేరకు, ఆమె కూతుళ్ళ పాట వింటాం” అన్నాడాయన. మొయ్యాల్సిన ఆరుగురూ లేచి పేటిక పక్కకి వెళ్ళారు. ఎగిల్ ఆర్గన్ మీంచి మిషను వైపు తిరిగాడు.

యోరున్ లేచి నిలబడింది.

“కూర్చో” అంది ఒడ్నీ పళ్ళ బిగువున.

యోరున్ కూర్చోలేదు. నడిచి వెళ్ళి ఎగిల్ చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. జనం వైపు తిరిగింది.

“అమ్మ మా ఇద్దర్నీ వింటానని రాసింది. ఈ సీడీలో మేమిద్దరం లేము. అక్క వచ్చి పాడింది. బాగా పాడింది. నేను దాన్ని తీయించేసి, ఆ గొంతు కూడా నేనే పాడాను. అక్కకి చెప్పలేదు. అమ్మకి తెలీదు. అమ్మ పోయే దాకా అక్క నా తప్పు కప్పిపుచ్చింది. ఈ పాట పెట్టి అమ్మని పంపడానికి నాకు మనసొప్పడం లేదు.”

పాస్టరు మొహం ఎర్రబడింది. ముందు వరసలో ఒడ్నీ తల దించుకుని ఉంది. ఆమె చెవులు కూడా ఎర్రగా ఉన్నాయి. అక్క కాదన్నదే చేశానని, అందరి ముందూ ఆమె గాయం మళ్ళీ రేపానని యోరున్‌కి తెలుసు. ఇంక వెనక్కి పోయే దారి లేదు.

ఆమె కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. నావలో వెళ్ళినవాళ్ళ కోసం ఒడ్డున దీపం పెట్టే పాట. తన వాటా రాగం మాత్రమే పాడింది. గొంతు చర్చి ఆఖరి వరస దాకా నిండుగా, నున్నగా వెళ్ళింది. రెండో గొంతు దాటాల్సిన చోటు వచ్చింది. అక్కడ ఏమీ లేదు. రాగం ఒంటరిగా ఆ చోటు దాటి చివరికి వచ్చింది.

రెండో చరణం మొదలుపెట్టింది. బెంచీ కిర్రుమంది. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. కళ్ళు తెరిచేసరికి ఒడ్నీ పక్కన నిలబడి ఉంది. పెదాలు బిగించుకునే ఉంది. దాటే చోటు మళ్ళీ వచ్చింది. ఒడ్నీ నోరు తెరిచింది, శబ్దం రాలేదు. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని గుంజింది.

“ఆపు.”

యోరున్ పాదం నడుమ ఆపేసింది. పాట మధ్యలో ఆగడం ఆమె జన్మలో అదే మొదలు.

“చాలా పైన ఎత్తావు” అంది ఒడ్నీ. గుసగుసే, కానీ మూడో వరస దాకా వినిపించింది. “రికార్డింగులోనూ ఇంత పైనే ఎత్తావు. అక్కణ్ణుంచి దాటాలంటే నా గొంతు చీరుకుపోతుంది. రెండు రోజులూ చీరుకునే పాడాను. నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు.”

గరుకు ఎక్కడిదో యోరున్‌కి అప్పుడు అర్థమైంది. ఆ ఎత్తు తన గొంతు మెరిసే ఎత్తు. స్టూడియోలో వాళ్ళు ఎక్కడ ఎత్తుకుంటారని అడిగినప్పుడు, ఆలోచించకుండా ఆ స్వరమే చూపించింది.

“ఇక్కడా?” అని కిందికి దించి, ఒక్క స్వరం పట్టి చూపింది.

ఒడ్నీ తల అడ్డంగా ఊపింది.

యోరున్ ఇంకా దించింది. ఇక్కడ గొంతులో నిండుదనం పోయింది. ఇంకొక్క మెట్టు దిగితే గాలి వినిపిస్తుంది, బొంగురు వినిపిస్తుంది, యాభైకి దగ్గరపడిన ఆడమనిషి గొంతు వినిపిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ వినపడకుండా దాచుకున్న గొంతు అది. రెండు వందల మంది చూస్తున్నారు. పేటిక దగ్గర ఆరుగురూ నిలబడే ఉన్నారు.

“ఇక్కడ చాలా, అక్కా?”

“ఇంకా కిందికి” అంది ఒడ్నీ.